ఎర్ర బ్యాండ్లు వాలంటీర్లకే

బావా,

పోయినేడు ఈత క్లబ్బు పోటీల్లో మన పుణ్యమా అని ముఖ్య అతిథి చేత మంచినీళ్ల క్యాన్లు మోయించారట. పక్కింటి పిన్నిగారి తోడికోడలు కళ్లారా చూసిందట. వాలంటీర్లకీ అతిథులకీ చేతికి ఒకే నీలం బ్యాండ్లు వేయించావు, మొయ్యక ఏం చేస్తాడు!

ఈసారైనా చెప్పింది చెప్పినట్టు చెయ్యి. వాలంటీర్లకి ఎరుపు, అతిథులకి పసుపు, ఈతగాళ్లకి తెలుపు. చవగ్గా వస్తున్నాయని కాగితం బ్యాండ్లకి మురిసిపోకు, నీళ్లలో దిగగానే ఊడొస్తాయి. గుడ్డవే వేయించు. టోపీ మీద క్లబ్బు పేరు బొటనవేలంత చాలు. తాటికాయంత అక్షరాలు కొట్టిస్తే మర్నాడు ఎవరూ నెత్తిన పెట్టుకోరు. మచ్చు టోపీ కుర్చీ మీద ఉంది. నీకు బాగుంటుంది, ఉంచుకో.

ఐడీ కార్డుల తాళ్లు కుట్టే దర్జీ దగ్గరికి వెళ్తున్నాను. మధ్యాహ్నం క్లబ్బు సెక్రటరీ వస్తాడు. ఆయన సంతకం పెడితేనే ఈ ఏడు ఆర్డరు మనది.

అన్నట్టు, పొద్దున ఆయనే ఫోన్ చేశాడు. ఈసారి రంగులు మా ఆయన బాగా ఆలోచించి ఎంచాడండీ అని గొప్పగా చెప్పాను.

"మీరు ఎంచారని చెప్పండమ్మా, ఇప్పుడే వచ్చి సంతకం పెట్టేస్తా" అన్నాడు.