బావ తెచ్చిన జర్మనీ నోట్లు

ఝపటాపూర్, ఖరగ్‌పూర్
ఆదివారం

అప్పకి,

తమ్ముడు సింహాద్రి దండాలు. నువ్వూ చిన్నమ్మా ఒంట్లో బాగున్నారా? శాంతీ అల్లుడూ వచ్చి వెళ్తున్నారా? చిన్నమ్మ మోకాళ్ళ నొప్పి ఎలాగుంది?

మేమంతా బాగున్నాం, మా గురించి బెంగ పెట్టుకోకు. ఇక్కడ చలి మొదలైంది. వర్క్‌షాపులో పని ఎక్కువగానే ఉంది గానీ నాకు బాగానే ఉంది. మీ మరదలు గోల్‌బజార్లో నాకొక స్వెట్టర్ కొన్నది, పొట్ట దగ్గర బిగుతు. ఇన్నేళ్ళయినా ఆవనూనె వాసన నాకు పడలేదు. నువ్వు పంపిన ఉలవలు అయిపోయినాయి, ఇటు వచ్చేవాళ్ళెవరైనా ఉంటే ఒక కేజీ పంపు. మిగతా అంతా బాగానే ఉంది.

ఒక సంగతి ఫోన్లో చెబుదామని రెండు ఆదివారాలు చేసినాను. అన్నం తిన్నావా అని అడిగి పెట్టేసినాను. అందుకే రాస్తున్నాను. నువ్వొక్కదానివే ఉన్నప్పుడు చదువు.

నాకిక్కడ ఉద్యోగం వచ్చి బయల్దేరిన రోజు నువ్వొక కవరిచ్చినావు గదా. బావ ఆఖరిసారి ఓడ దిగినప్పుడు తెచ్చిన జర్మనీ నోట్లు, పన్నెండు వందల మార్కులు. బావ పోయి అప్పటికి ఏడాది. ఆ దేశంలో ఆ నోట్లు ఆపేసి యూరోలు తెచ్చినారని ఎవరో చెబితే నువ్వు కంగారు పడినావు. పలాసలో అడిగితే ఎవరికీ తెలీలేదు, ఖరగ్‌పూర్ నించి కలకత్తా దగ్గర, అక్కడ మార్చి పంపితే బావ కొన్న స్థలానికి ఆఖరి వాయిదా కట్టేస్తానన్నావు.

వచ్చిన నెలలోనే గోల్‌బజార్లో వాచీలూ విదేశీ సరుకూ అమ్మే ఒకాయన్ని అడిగినాను. ఈ డబ్బు ఆగిపోయింది, అయినా కలకత్తాలో పెద్ద బ్యాంకులో ఒకసారి అడుగు అన్నాడు. ఒక శనివారం తోటి ఫిట్టర్లతో కలకత్తా వెళ్ళినాను. వాళ్ళని బయట నిలబెట్టి బ్యాంకు మెట్లెక్కినాను. గుమ్మంలో గార్డు "కీ చాయ్?" అన్నాడు. ఏం కావాలని అడుగుతున్నాడని ఇప్పుడైతే తెలుసు. అప్పటికి నాకు బెంగాలీ ఒక్క ముక్క రాదు. టీ గురించి అడుగుతున్నాడనుకొని అక్కర్లేదని చెయ్యి ఊపినాను. అతను తలుపుకి అడ్డంగా నిలబడిపోయినాడు. లోపల చల్లటి గాలి, టైలు కట్టుకున్నవాళ్ళు. ఈ నోట్లు నీకెక్కడివని ఎవరైనా అడిగితే ఏ భాషలో చెప్పాలో తెలీలేదు. సిగ్గేసింది అప్పా. కవరు జేబులో పెట్టుకుని మెట్లు దిగిపోయినాను. మావాళ్ళతో కలిసి జూ చూడడానికి వెళ్ళినాను. తెల్ల పులిని చూసినాను.

తిరిగొచ్చి నీకు, కలకత్తా బ్యాంకులో కూడా అడిగినాను, అవి వొట్టి కాయితాలే అన్నారు, అని రాసినాను. వాళ్ళు మార్చేవాళ్ళో లేదో నాకిప్పటికీ తెలీదు. నేను అడగనే లేదు.

నువ్వేటి జవాబు రాసినావో నాకు కంఠతా వచ్చు. "పోనీలే తమ్ముడూ, నాకోసం అంత దూరం తిరిగినావు. బావ చేత్తో ముట్టుకున్నవి, పారెయ్యకు, నీకాడే దాచు." ఆ నెలలోనే స్థలం వదిలేసినావు. పై నెల నించి జీడిపిక్కల ఫ్యాక్టరీకి వెళ్ళడం మొదలుపెట్టినావు.

మొన్న వానాకాలంలో సుభాష్‌పల్లిలో మా పిల్లకి ట్యూషన్ చెప్పే దీదీ ఇంట్లో నీళ్ళ మోటారు పాడైతే చూడ్డానికి వెళ్ళినాను. వాళ్ళమ్మాయి మౌమిత జర్మనీలో చదువుతోంది, సెలవలకి వచ్చింది. మాటల్లో మాటగా, మా ఇంట్లో కూడా మీ జర్మనీ నోట్లున్నాయి, చెల్లనివి, అని నవ్వినాను. ఆ పిల్ల నన్ను కాకూ అంటుంది, బాబాయ్ అని. నవ్వలేదు.

"చెల్లుతాయి కాకూ. అక్కడి పెద్ద బ్యాంకు ఇప్పటికీ తీసుకుంటుంది. గడువే లేదు."

ఎప్పటినించి అలాగ అని అడిగినాను.

"మొదట్నించీ అంతే. రేటు కూడా మారలేదు."

మోటారు విప్పి పెట్టి ఎలా బిగించాలో మర్చిపోయి కూర్చున్నాను. దీదీ నాకు షుగర్ తగ్గిందేమోనని మిఠాయి తెచ్చి పెట్టింది.

మర్నాడు ట్రంకు పెట్టి అడుగు నించి కవరు తీసి మౌమితకి ఇచ్చినాను. ఆ పిల్ల వెళ్ళినాక అక్కడి బ్యాంకులో ఇచ్చింది. వాళ్ళు నోట్లు లైటు కింద పెట్టి చూసి, సంతకం పెట్టించుకుని, ఆరువందల పదమూడు యూరోలూ కొంత చిల్లరా చేతిలో పెట్టినారట. ఈ నోట్లు ఎక్కడివని ఒక్క ప్రశ్న కూడా అడగలేదట. నేను అన్నేళ్ళు భయపడింది ఆ ప్రశ్నకే. అది మన లెక్కలో అరవై వేల పైచిలుకు. ఆ పిల్ల వాళ్ళమ్మకి పంపితే దీదీ నాకిచ్చింది, నేను నిన్న నీ ఖాతాలో వేసినాను. ఒక్క రూపాయి ఉంచుకోలేదు.

ఆ రోజైనా అన్నే యూరోలు వచ్చేవి. ఆలస్యమైనందుకు ఆ బ్యాంకు ఒక్క పైసా తగ్గించలేదు. స్థలం నా కోసం ఆగలేదు. అది కొన్నవాళ్ళు మేడ కట్టినారు, నువ్వు రోజూ దాని ముందు నించే పనికి వెళ్తావు. నీ అద్దె ఇంట్లో, జీడి రసానికి కాలిన వేళ్ళతో నువ్వు నాకు అన్నం పెట్టినప్పుడల్లా నేను తినేసి వచ్చినాను, చెప్పలేదు. బ్యాంకులు మోసం చేస్తాయని నువ్వు ఎవరితోనో అంటుంటే విని కూడా ఊరుకున్నాను.

మీ మరదలికి నిన్ననే చెప్పినాను. ఆమె నీకు రాయమన్నది.

చిన్నమ్మకి నా దండాలు చెప్పు. శాంతికీ అల్లుడికీ మా దీవెనలు. చలికాలం, చన్నీళ్ళతో తల పోసుకోకు. ఎప్పుడూ చివర్లో నన్ను దీవించమని రాస్తాను. ఈసారి అడగడానికి నోరు రావడం లేదు. సెలవు పెట్టి ఈ నెలాఖరికి నేనే వస్తాను. నువ్వు తిట్టినా వింటాను, మాట్లాడకపోయినా నీ గడప మీద కూర్చుంటాను.

నీ తమ్ముడు
సింహాద్రి