గోడ మీది మేరీమాత

పిరనీస్ కొండల్లో మొంతారెల్, 1921 అక్టోబరు

బెర్నత్ అన్నయ్యకు,

అమ్మ బతికే ఉంది, భయపడకు. కానీ మంచం దిగడం లేదు.

కొండ మీది మన చర్చి గోడ మీద రంగులతో వేసిన మేరీమాత బొమ్మను ఒలిచి పట్టుకుపోయారు. జిగురుతో గుడ్డలు అంటించి, ఆరాక, కుందేలు తోలు లాగినట్టు లాగేశారు. చుట్ట చుట్టి కంచరగాడిదల మీద మీ బార్సిలోనాకే పంపారు. మహమ్మారికి సగం ఊరు పోయినప్పుడు మిగిలినవాళ్ళు ఆ బొమ్మ కిందే తలదాచుకున్నారని తాత చెప్పేవాడు కదా. పాదిరిగారు ఊరిని ఒక్కమాటైనా అడగకుండా ఇచ్చేశారు. “ఇక్కడుంటే చెమ్మకు రాలిపోతుందమ్మా, అక్కడైతే పదికాలాలు ఉంటుంది” అన్నారు.

అమ్మ కర్ర పోటేసుకుంటూ కొండెక్కి గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. “నాయనా, నా పిల్లలు ముగ్గుర్ని ఈ గోడ పక్కనే పూడ్చాను. ఆవిణ్ణి తీసుకుపోతే వాళ్ళని ఎవరు చూసుకుంటారు?” అంది. ఆ పనివాళ్ళు ఇటలీ వాళ్ళు, మన మాట తెలియదు. మెల్లగానే లేపి పక్కన కూర్చోబెట్టారు. మన మగవాళ్ళు టోపీలు తీసి చేత పట్టుకుని చూస్తూ నిలబడ్డారు. ఇప్పుడక్కడ ఉత్త సున్నపు గోడ.

మిల్లుకు సెలవు రోజున ఆవిణ్ణి ఎక్కడ పెట్టారో వెతుకు. ముఖం చెదరకుండా చేరిందో లేదో రాయి. చెదిరినా బాగుందనే రాయి, అమ్మకు చదివి వినిపించాలి. నీ దగ్గు తగ్గిందా? ఉన్ని మేజోళ్ళు అందాయా? మేక పాలివ్వడం మానేసింది.

నీకు దీవెనలు రాయనా అని అమ్మనడిగాను. “పైన ఎవరున్నారే దీవించడానికి?” అని అటు తిరిగి పడుకుంది.

నీ చెల్లెలు,
రెమెయ్