ఎక్కడికని అడక్కూడదు

వజ్రపుకొత్తూరు,
సెప్టెంబరు 2005

బావమరిది గౌరీశంకర్‌కు,

దీవెనల మీద నాకు నమ్మకం లేదు. సూటిగా విషయానికొస్తాను. మన ఊరి మీదుగా పోయే విమానానికి దారిలో మబ్బుందని నువ్వు కలకత్తా టవర్లో కూర్చుని చెబుతావట! మొన్న మన దాలయ్య గాలివానలో చిక్కి, వలలొదిలేసి ప్రాణాలతో బయటపడ్డాడు. అతనికెవడు చెప్పాడు? ఆకాశంలో పోయేవాడిదే ప్రాణమా? జవాబు కావాలి.

ఉద్యమాభినందనలతో,
సన్యాసిరావు

తా.క.: ఇది పోస్టు చేద్దామని బయల్దేరుతుంటే మీ అక్క 'ఎక్కడికి?' అంది. బయల్దేరేవాణ్ని అలా అడుగుతారా? వెళ్లేసరికి పోస్టాఫీసు మూసేశారు.

*

కలకత్తా

బావగారికి నమస్కారాలు.

ముందు పైలట్ చెప్పాలి బావా, ఎక్కడున్నాడో, ఎటు పోతున్నాడో. అప్పుడే మేం మబ్బు సంగతి చెప్పగలం. దాలయ్య కూడా ఎటెళ్తున్నాడో ఒడ్డున చెప్పి వెళ్తే, అటు మబ్బుందని తెలిసినప్పుడు మీ పక్కింటి ఎస్టీడీ బూత్‌కి ఫోన్ చేస్తాను.

మీ గౌరీశంకర్

తా.క.: కొత్త యంత్రమొకటి వచ్చింది. మేం అడక్కుండానే విమానం తన వివరాలు కిందికి పంపేస్తుంది.

*

వజ్రపుకొత్తూరు

గౌరీశంకర్‌కు,

నీ సలహా కొంప ముంచింది. 'మగాళ్లు బయల్దేరేటప్పుడు ఎక్కడికో అడగండి' అని ఒడ్డున మీటింగ్ పెట్టి ఆడవాళ్లకు నూరిపోశాను. మర్నాడు నూకాలమ్మ మొగుణ్ని అడిగింది. దాలయ్య తెడ్డు కింద పడేశాడు. "ఎదురొచ్చి ఎక్కడికని అడుగుతావేటే? ఈయాల సేప పడినట్టే!" అని ఇంటికెళ్లి పడుకున్నాడు. అతన్ని చూసి మిగతా పడవలూ ఆగిపోయాయి. ఇరవయ్యొకటో శతాబ్దంలో ఇదేం మూఢనమ్మకం! కూరకి చేప లేక నూకాలమ్మ తిట్టని తిట్టు లేదు, అదీ నన్ను.

ఆ యంత్రాలు పడవకొకటి పంపు. ఖర్చు ప్రభుత్వం భరించాలి. అవి వచ్చేదాకా దాలయ్యే యంత్రం. అడక్కుండా తానే చెప్పి బయల్దేరతాడు. నేను తోడొస్తేనే అన్నాడు, సరేనన్నాను. వచ్చే గురువారం బారువ వైపు వెళ్తున్నాం.

సన్యాసిరావు

తా.క.: మీ అక్కకు చెప్పలేదు. చెబితే 'ఎక్కడికి?' అంటుంది.

*

వజ్రపుకొత్తూరు,
శుక్రవారం

తమ్ముడు గౌరీశంకర్‌కు అక్క ఆశీస్సులు.

నిన్న బూత్‌కి ఫోన్ చేసి "బారువ వైపు పెద్ద మబ్బు కమ్ముతోందని పైలట్లు చెబుతున్నారక్కా, బావ ఆ పడవలోనే ఉన్నాడు" అన్నావు చూడు, రిసీవర్ బూత్ వాడి చేతిలో పెట్టేశాను. ఆయన పలాస మీటింగుకెళ్లాడనుకుని గుమ్మడికాయ పులుసు పెట్టుకుంటున్నాను. సొంత మొగుడు సముద్రంలో ఉన్నాడని నాకు కలకత్తా నుంచి తెలియాలా!

ఒడ్డుకి పరిగెత్తాను. నూకాలమ్మ వెంటనే "బారువేపే అమ్మా! ఈయాల అడక్కుండానే సెప్పీసి ఎల్లాడు" అంది. చిన్నారావు ఇంజను పడవేసుకెళ్లి, గాలి లేవకముందే ఇద్దర్నీ తెచ్చాడు. దాలయ్య తనే దిగాడు. మీ బావను మాత్రం బుట్టలా దించారు. కక్కి కక్కి మొహం పచ్చబడిపోయింది.

"ఎక్కడికెల్లారు?" అన్నాను. పెళ్లయ్యాక మొదటిసారి ఆయన కోప్పడలేదు.

మీ అక్క,
కమలకుమారి

తా.క.: ఇప్పుడే చెంబు పట్టుకుని లేచాడు. నేనడగలేదు. "పెరట్లోకెల్తన్నానే, ఇప్పుడే వచ్చెత్తాను. అటేపు మబ్బేటైనా ఉందేటి?" అన్నాడు. ఉందన్నాను. గొడుగు పట్టుకెళ్లాడు.