ఈనిన మిషన్లు

బలసముద్రం, సోమవారం

బెంగళూరులో ఏసీ కింద కూర్చున్న 'సులువులెక్క' ఆన్‌లైన్ ట్యాక్స్ మేడం గారికి,

ఎండలో నిలబడి ఓబులేశ్ రాసేది. దండాలు.

మీ యాప్‌లో భాష ఏది అంటే తెలుగు నొక్కినా. సమస్య రాయండి అన్నారు, రాస్తాండా. మా ఊరి సోలార్ పార్కులో ప్లేట్ల కింద గడ్డి తీసే కంట్రాక్టు నాది. గడ్డి పెరిగితే ప్లేట్లకు నీడ పడతాది, ఎండితే అగ్గి అంటుకుంటాది. అందుకే నాకు దుడ్లిస్తారు. ఇచ్చేటప్పుడే ట్యాక్స్ అని కొంత పట్టుకుంటారు. అది వెనక్కి రావాలంటే రిటర్ను వెయ్యాలంట. రాకున్నా నేను చావను. కానీ కొత్త మేనేజర్ గంగాధర సార్ ఏమన్నాడో తెలుసా? "వచ్చే సోమవారానికి రిటర్ను కాపీ తేకపోతే కంట్రాక్టు మిషన్ కంపెనీకి ఇచ్చేస్తా" అన్నాడు. వాళ్ళ డీజిల్ మిషన్ అప్పుడే వచ్చి గేటు కాడ నిలబడుకోని ఉండాది. ఈ పని పోతే నేనూ మా అమ్మ ఓబక్కా మళ్ళీ కూలికి పోవాల.

నేను పది తప్పినోణ్ణి. ఫోన్లో చూసి మీ ఫారం నేనే నింపినా. తప్పుంటే చెప్పండి. నెత్తికెక్కి మాట్లాడొద్దండి.

ఇట్లు,
ఓబులేశ్

తా.క.: గడ్డి తీసేది నేను కాదు, మా గొర్రెలు. తింటాయి, అంతే. మీ ఫారంలో గొర్రెలకు గడి లేదు. 'మిషన్లు ఎన్ని' అనే గడి ఖాళీగా వదిలితే ముందుకు పోలేదు. అందుకని ఏడాది మొదట్లో అరవై, కడాకు ఎనభైమూడు అని ఆడ్నే వేసినా. మీరు సర్దుకోండి.

బెంగళూరు, మంగళవారం

గౌరవనీయులైన ఓబులేశ్ గారికి,

నమస్కారం. మా సేవను ఎంచుకున్నందుకు ధన్యవాదాలు. మీ వంటి యువ పారిశ్రామికవేత్త ఫైలు నా దగ్గరికి రావడం సంతోషం. గడ్డి కోసే యంత్రాలు ఎనభైమూడు! మా ఖాతాదారుల్లో ఇన్ని ఉన్నవారు మరొకరు లేరు.

రెండు చిన్న సందేహాలు. ఏడాదిలో పెరిగిన ఇరవైమూడు యంత్రాలకు కొనుగోలు బిల్లులు జతచేయలేదు. డీజిల్ ఖర్చు దగ్గర సున్నా వేశారు, బహుశా పొరపాటు. ఈ రెండూ తేలితే మీ రిటర్ను వెంటనే వేసేస్తాము.

భవదీయురాలు,
శిల్పశ్రీ, పన్ను సహాయకురాలు

తా.క.: మా సేవ నచ్చితే ఐదు నక్షత్రాలు నొక్కగలరు.

బలసముద్రం, మంగళవారం సాయంత్రం

శిల్పశ్రీ మేడం గారికి,

అంత ఇవరంగా రాసినా మళ్ళీ అదే అడుగుతారేంది?

బిల్లులు యాడివి? నేను ఒక్కటీ కొనలేదు. అన్నీ మా దొడ్లోనే అయినాయి. మా అమ్మ పక్కన కూర్చుని తన చేతుల్తో బయటికి తీసింది. ఇరవైఐదు అయినాయి, రెండు పోయినాయి. ఇంక డీజిలంటారా, చుక్క పొయ్యను. తొట్లో నీళ్ళుంటే చాలు, పొద్దు మునిగేదాకా పనిచేస్తాయి. ఆ కంపెనీ మిషన్ మాదిరి రాళ్ళు ఎగరేసి ప్లేట్లు పగలగొట్టేవి కావు మావి.

నక్షత్రాలు రాత్రికి ఆకాశంలో చూసుకోండి. ముందు పని తెమల్చండి.

ఇట్లు,
ఓబులేశ్

తా.క.: మేకలు ఒక్కటీ లేవని రాసుకోండి. మేకైతే ప్లేట్ల మీదికి ఎగురుతాది. గొర్రె అట్ల కాదు. తల దించిందంటే చుట్టూ ఏం జరిగినా ఎత్తదు, మీ ఆఫీసు మాదిరి.

బెంగళూరు, బుధవారం

శ్రీ ఓబులేశ్ గారికి,

హృదయపూర్వక అభినందనలు! మీ ఉత్తరం చదివి మా పెద్దసారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. నీళ్ళతో నడిచే గడ్డికోత యంత్రం, అదీ ఇంటి దొడ్లో, తల్లిగారి చేతుల మీదుగా!

అయితే ఇది ఇప్పుడు తయారీ పరిశ్రమ కిందికి వస్తుంది. కనుక ఫ్యాక్టరీ లైసెన్సు, ముడిసరుకు బిల్లులు, మీ తల్లిగారి ఇంజనీరింగు పట్టా నకలు పంపాలి. పాడైపోయిన రెండు యంత్రాలను పాత ఇనుము కింద ఎంతకు అమ్మారో కూడా తెలపాలి. అవి అందేవరకు మీ ఫైలు ఆపి ఉంచాము.

భవదీయురాలు,
శిల్పశ్రీ

తా.క.: పేటెంటు తీసుకున్నారా? లేకపోతే ఈ రహస్యం ఊళ్ళో ఎవరికీ చెప్పకండి.

బలసముద్రం, శుక్రవారం

శిల్పశ్రీ మేడం,

గౌరవం అయిపోయింది, అందుకే 'గారు' రాయలేదు.

ఫైలు ఆపినారా? సోమవారం నా బతుకు ఆగిపోతాది! పట్టా సంగతి మా అమ్మకు చదివి వినిపించినా. "ఇన్నేండ్లు ఈ పని చేసినా, ఒక్కరన్నా అడిగినారారా? మంచి పిల్ల" అని మురిసిపోయింది. ఆమెను పక్కన పెట్టండి. ముడిసరుకు సంగతి ఆడపిల్లకు రాసేది కాదు.

పాత ఇనుము కింద ఎవురమ్ముతారమ్మా? ఒకదాన్ని తోడేలు ఎత్తుకపోయినాది. ఇంకొకదాన్ని మా మామ ఓబళప్ప వచ్చినాడని కోసి, వండుకొని తినేసినాం. తలా కాళ్ళూ మర్సటి దినం తిన్నాం. బిల్లే కావాలంటే ఎముకలు పార్సిల్ చేస్తా.

మీ రెండు ఉత్తరాలూ పావగడకు పోయి ప్రింటు తీసి గంగాధర సార్ టేబుల్ మీద కొట్టినా, ఆలస్యం ఎవురిదో చూడు సార్ అని. ప్లేట్ల కాడికి ఒక్కసారీ రాని ఆయప్ప చదివి, నన్ను ఒక మాదిరి చూసి, "హెడ్డాఫీసుకు పంపిస్తా" అన్నాడు. ఏమైతాదో ఏమో.

ఇట్లు,
మీ మిషన్లను తిన్నోడు,
ఓబులేశ్

తా.క.: ఇంకా నాలుగు చూడితో ఉండాయి. వచ్చే ఏడాది ఏడుపు ఇప్పుడే ఏడ్సేయండి.

బెంగళూరు, శనివారం

ఓబులేశన్నకు,

'తలా కాళ్ళూ' కాడ ఆగిపోయినా అన్నా. యంత్రానికి కాళ్ళేంది అని మా కంప్యూటర్ అబ్బాయిని పిలిస్తే అప్పుడు తెలిసింది. ఖాతాదారు సంతకం కింద ఏం రాసినా మా యాప్ కత్తిరించేస్తాదంట. నీ తా.క.లు మూడూ ఒక మూలన పడి ఉండాయి. ఇప్పుడు చదివినా. ఆఫీసంతా చదివినాది. గొర్రె తల దించిన మాట నా కుర్చీ వెనక అంటించినారు.

ఇంకో సిగ్గుపడే మాట. మాది మీ పక్కనుండే మంగళవాడే. మా అవ్వ మారక్క గొర్లు కాసే నాకు ఫీజులు కట్టింది. ఫోన్లో చెప్తే, "నీళ్ళు తాగేది, గడ్డి తీసేది, దొడ్లో అయ్యేది ఏందో నీకు తెలీలేదా? నీకు జీతమిచ్చేది ఎవురే?" అనింది.

నీ రిటర్ను వేసేసినా. ట్యాక్స్ ఏమీ లేదు, పట్టుకున్నదంతా వెనక్కి వస్తాది. కాపీ ఇందులోనే ఉండాది. తిట్టకుంటే ఒకటి చెప్తా. నీ మాదిరి చిన్న వ్యాపారానికి మిషన్ల లెక్కే అక్కర్లేదు. ఆ గడిలో సున్నా కొట్టింటే ముందుకు పోయేది.

నీ చెల్లెలు,
శిల్పశ్రీ

తా.క.: పెద్దసారు ఇంకా పేటెంటు పుస్తకాలు తిరగేస్తాండాడు. ఎవురమూ చెప్పలేదు.

బలసముద్రం, బుధవారం

చెల్లెమ్మ శిల్పశ్రీకి,

సున్నా అంట, సున్నా! ఆ మాట చదివి ఫోను విసిరికొట్టబోయినా. అందులోనే కాపీ ఉండాదని ఆగినా.

సోమవారం కాపీ తీసుకొని పోతే గంగాధర సార్ కుర్చీలో లేడు. గేటు కాడ కారు పక్కన చేతులు కట్టుకోని నిలబడినాడు. హెడ్డాఫీసు నుంచి ఇద్దరు దొరలు దిగినారు. వాళ్ళ చేతిలో ఏముండాది? నీ ఉత్తరాలు! డీజిల్ తాగని మిషన్లు, నీళ్ళతో నడిచేవి, ఎనభైమూడు. "యాడ? చూపించు" అన్నారు.

నేను గేటు తీసి ఈల వేసినా. మంద మొత్తం లోపలికి పోయి తల దించినాది. ఒకాయన "స్విచ్ యాడుందప్పా?" అన్నాడు. "నోట్లో ఉండాది సార్" అన్నా. ఇంకొకాయన నవ్వి నవ్వి నేల మీద కూర్చున్నాడు. అదే టైములో అవతలి వరసలో కంపెనీ మిషన్ స్టార్ట్ చేసినారు. నాలుగు అడుగులు పోయిందో లేదో రాయి ఎగరేసినాది. ఫట్‌మని ప్లేటు పగిలినాది. మా గొర్రెలు తల కూడా ఎత్తలేదు.

మూడేండ్ల కంట్రాక్టుకు సంతకం అయింది చెల్లెమ్మా! పక్క బ్లాకు కూడా నాదే. గొర్రెలని కాగితం మార్చమంటే, "మార్చాలంటే ఆర్నెల్లు పడతాది, మిషన్లనే ఉండనీ" అన్నారు. మిషన్లుంటే ఆపరేటర్ ఉండాలంట. మా అమ్మ ఇప్పుడు ఆపరేటర్. నెల జీతం, పచ్చ కోటు, హెల్మెట్. నిన్న మంద ఆమెను చూసి చెదిరిపోయినాది. ఈ పొద్దు హెల్మెట్ పెడితేనే కదిలినాది. ఆమె రిటర్ను నువ్వే వెయ్యాల.

ఈసారి తా.క. సంతకం పైననే రాస్తాండా, మీ యాప్ మింగకుండా. పెద్ద పొట్టేలు గంగాధర సార్‌ను వెనకనుంచి కుమ్మినాది. ప్రమాదం రిపోర్టు నన్నే రాయమన్నారు, అదీ మిషన్ల లెక్కనే. 'బ్రేకు పట్టలేదు' అని రాసినా. చాలునో చాలదో మారక్కవ్వను అడిగి చెప్పు.

ఇట్లు,
నీ అన్న,
నిన్న రాత్రికి ఎనభైఏడు మిషన్లయిన ఓబులేశ్