సముద్రం గురించి విన్న పూట

ఏమండీ,

నమస్కారం. ఇక్కడ అత్తయ్య, మీ చెల్లెలు, నేను బాగానే ఉన్నాం. రేవులో ఆ ఎండకు మీ ఒంట్లో ఎలా ఉందోనన్నదే మా దిగులు. అత్తయ్య మోకాళ్ల సంగతి అడిగారు. మెట్లు దిగుతున్నారు. ఎక్కేటప్పుడే నన్ను తిడుతున్నారు.

మీ చెల్లెలికి పెద్ద కాలేజీయే కావాలంటే ఇంకో రెండేళ్లు అక్కడే ఉండిపోతానని రాశారు. అది చదివిన దగ్గర్నుంచి నాకు ముద్ద దిగలేదు. అందుకే ఇద్దరం కాళ్లరిగేలా తిరిగాం.

పెద్ద కాలేజీలో ఫీజు మనకు అందేలాగే ఉంది. కానీ బస్సుకు వేరే, ల్యాబుకు వేరే, లైబ్రరీకి వేరే అన్నారు. "పద వదినా, ఇంకాసేపుంటే పీల్చిన గాలికి కూడా రసీదు రాస్తారు" అంది మీ చెల్లెలు. నవ్వింది గానీ, గేటు దాటాక వెనక్కి తిరిగి చూసింది.

మర్నాడు పాత మిల్లు వెనకున్న ప్రభుత్వ కాలేజీకి వెళ్లాం. గోడల సున్నం రాలుతోంది. కిటికీలు మాత్రం మనిషికి రెండింతలు. తను ఆఫీసు ముందు వరుసలో నిలబడితే నేను ఒక ఖాళీ గదిలో కూర్చున్నాను. బల్ల మీద ఎండ మెల్లగా జరుగుతుంటే చూస్తూ ఉండిపోయాను. తేరుకునేసరికి గది నిండా పిల్లలు, ఎదురుగా పాఠం చెప్పే మేడం. లేచి వెళ్లడానికి సిగ్గేసి అలాగే కూర్చున్నాను.

సముద్రాన్ని చంద్రుడు లాగుతాడట. అంత దూరాన ఉండి, తాకకుండానే. మీ రేవులో నీళ్లు ఎక్కి దిగేది అందుకేనట. వింటుంటే గది మొత్తం నీళ్ల మీద తేలుతున్నట్టనిపించింది.

గంట కొట్టాక మేడం నా దగ్గరకు వచ్చారు. "కొత్తగా చేరావా అమ్మా?"

"లేదండీ, మా ఆడపడుచు కోసం వచ్చాను."

"మరి అందరికన్నా నువ్వే విన్నావే."

మీ చెల్లెలికి సీటు దొరికింది. "నాకు ఇదే బాగుంది, అన్నయ్యను వచ్చేయమను" అంటోంది. ఇప్పుడు మీరు పంపేది సరిపోతుంది.

ఇంకో మాట. ఇంతసేపూ రాయడానికి చేయి రాలేదు. బడి మధ్యలో మానేసినవాళ్లకు అక్కడ సాయంత్రాలు ఉచితంగా చెబుతారు. నేను పేరు ఇచ్చేశాను. మిమ్మల్ని అడిగాకే ఇద్దామనుకున్నాను గానీ, "నువ్వూ చేరతావా" అని మేడం అడిగేసరికి నోరు ఆగలేదు. "వాడికి నువ్వే చెప్పుకో" అన్నారు అత్తయ్య. వంట మాత్రం తను చూసుకుంటానన్నారు.

ఒప్పుకున్న పని అవగానే వచ్చేయండి. ఆ రెండేళ్లు వద్దు. మీరు దిగేది సాయంత్రమైతే నేను ఇంట్లో ఉండను. సామాను అత్తయ్యకిచ్చి కాలేజీకి రండి. పాఠం మధ్యలో మాత్రం పిలవకండి.

ఇట్లు,
మీ ఇల్లాలు