కరెంటు నాది, యంత్రము తెరేసమ్మది

భవానీపురం,
12-6-1976.

శ్రీయుత ప్రత్యేకాధికారి గారి సముఖమునకు,
కృష్ణాతీర వినియోగదారుల సహకార భాండారము,
గవర్నర్‌పేట, విజయవాడ.

విషయం: వడియముల సరఫరాదారు కార్డును నా పేరిట పునరుద్ధరింపక, హక్కుదారగు శ్రీమతి తెరేసమ్మ పేరిటికి మార్చుట గురించి.

అయ్యా,

1. విశ్రాంత తెలుగు పండితుడనైన నేను తమ భాండారమునకు గుమ్మడి వడియములు సరఫరా చేయుచున్నట్లు తమ దస్త్రములందు కలదు. నేను జన్మలో మినపపిండి రుబ్బి యెరుగను. అవి మా వీధి చివర నుండు తెరేసమ్మ వడియములు. ఆమె ఏళ్ల తరబడి తాటాకు బుట్టలో తెచ్చి తమ కౌంటరు వద్ద దించగా, కొనువారు ఒకటి విరిచి చూచి తూయించుకొనెడివారు.

2. నిరుడు తమ భాండారము వారు, వేడితో మూతి అతికిన ప్లాస్టిక్ సంచులలో, అచ్చు చీటీతో వచ్చిన సరుకునే తీసుకొందుమని ఉత్తర్వు చేసిరి. కరెంటు స్తంభములు నేడో రేపో తన ఇంటివరకు వచ్చునన్న నమ్మకముతో, తెరేసమ్మ పాడిగేదెను అమ్మి, అతికెడి యంత్రమును కొన్నది. స్తంభములు మా ఇంటితో ఆగిపోయినవి. "మాస్టారండీ, మీ వరండాలో పెట్టుకోనిస్తారా?" అని అడిగినది. సంతోషముగా ఒప్పుకొంటిని. ఇంతవరకు నేను చేసినది ఉపకారమే.

3. తనిఖీకి వచ్చిన తమ గుమాస్తా తిరుపతిరావు గారు యంత్రమును చూచి, "కరెంటు ఎవరింట్లో ఉంటే వాళ్లే మాకు సప్లయరండీ. పైగా మీ పేరుంటే సరుకు కదులుతుంది" అనిరి. "సరే, నా పేరే వేయండి" అంటిని. పక్కనున్న తెరేసమ్మ సంచుల మూతులు అతికించుచునే యుండెను. నా పేరు అచ్చయిన చీటీ నొకదానిని పంచాంగములో దాచుకొంటినని చెప్పుటకు సిగ్గుపడుచున్నాను.

4. మొన్న తమ భాండారమున పటమట గృహిణి ఒకామె నన్ను గుర్తించి, "మీ వడియాలు భలే గుల్లగా ఉంటాయండీ మాస్టారూ! పిండిలో ఏం కలుపుతారేంటి?" అనినది. తెరేసమ్మ నా పక్కనే గంప దించుచున్నది. నేను నిజము చెప్పుటకు బదులు, "అంతా చేతి మహిమమ్మా" అంటిని.

"అవునమ్మా, మాస్టారి చెయ్యి పడితే రోలే అరిగిపోద్ది!" అని తెరేసమ్మ నవ్వినది. ఆ నవ్వు ఇంకను నా చెవిలోనే ఉన్నది.

5. యంత్రము ఆమెది. పిండి ఆమెది. వడియములు పెట్టుచు ఎండకు మాడిన ఒళ్లు ఆమెది. కరెంటు మాత్రమే నాది. కార్డు ఆమె పేర ఉన్నచో ఆమె సరఫరాదారు. నా పేర ఉన్నచో నా వరండాలో కూలిమనిషి.

కావున, వచ్చే నెల కార్డు పునరుద్ధరించునప్పుడు నా పేరు కొట్టివేసి, చీటీలపై ఆమె పేరు అచ్చు వేయించవలెననియు, ఆమె ఇంటికి స్తంభము వచ్చువరకు యంత్రమును తమ భాండారపు వెనుక గదిలోనైనను ఉంచుకొననీయవలెననియు, అదియు కుదరనిచో మునుపటివలె తాటాకు బుట్టతోనే సరుకు స్వీకరింపవలెననియు ప్రార్థించుచున్నాను. ఇందులో తమ నిబంధన తప్పు కొంత, నా తప్పు ఎక్కువ. రెండింటిని కలిపి చిత్తగించవలెను.

వడియము పెట్టుట యెరుగని తమ విధేయుడు,
రామకోటేశ్వరరావు

తా.క.: ఇది కవరులో పెడుతుండగా తెరేసమ్మ గుమ్మంలోకి వచ్చి, "మాస్టారండీ, రేపు పనికి రమ్మంటారా?" అని అడిగింది. ఇన్నాళ్లూ "మిషను దగ్గరికి వస్తానండీ" అనేది. నేను, "పెందలాడే రా, ఆలస్యం చెయ్యకు" అన్నాను. ఎంత సులువుగా వచ్చిందండీ ఆ మాట నోటికి! నాకు అలవాటైపోతోంది. త్వరగా నా పేరు కొట్టెయ్యండి.