పరగడుపున ఆరు వారాలు

మీకు నమస్కరించి రాస్తున్నాను. ఇక్కడ నేనూ మన పిచ్చుకా క్షేమం. ఈ మాట ఈసారి అలవాటుకొద్దీ రాయలేదు, అందుకే కింద గీత గీశాను. మీరూ, మీ ఇంజను గదీ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

మొన్న మీరు ఓడ నుంచి ఫోను చేసినప్పుడు పిచ్చుక ఊపిరి పరీక్ష బాగా వచ్చిందని మాత్రం చెప్పి పెట్టేశాను. ఏమనుకోకండి. మీ వెనక ఫోను కోసం వరసలో నిలబడ్డవాళ్ళ గుసగుసలు కూడా నాకు వినిపిస్తున్నాయి. ఆ మూడు నిమిషాల్లో మిగతాది పట్టదు. పట్టినా, అందులో ఒక సంగతి నేను నోటితో చెప్పగలిగేది కాదు.

ముందు మీ ఉత్తరానికి జవాబులు. మీ నీలం చొక్కా పోలేదు, పెట్టెలో అడుగున, పాత తువ్వాలు కింద ఉంది. అక్కడ పెట్టానని వెళ్ళేటప్పుడు రెండుసార్లు చెప్పాను. ఇక రెండోది, డాక్టరు రాసిచ్చిన కాగితం ఎంత చదివినా అర్థం కాలేదనీ, ఈ కొత్త మందు అసలు చేసే పని ఏమిటనీ అడిగారు. ఆయన మాకు బొమ్మ గీసి చెప్పారు. నాకు అర్థమైనంత రాస్తాను.

ఊపిరి గొట్టాల లోపలి గోడ మీద కణాలు పలకలు పరిచినట్టు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయట. ప్రతి కణం పైముఖాన కంటికి కనపడని ద్వారాలు ఉంటాయి. కొన్ని ఉప్పును బయటికి వదులుతాయి, కొన్ని లోపలికి లాక్కుంటాయి. ఉప్పు ఎటు పోతే నీళ్ళు అటే పోతాయి. అలా ఆ గోడ మీద పల్చని తడి పొర ఒకటి నిలుస్తుంది. అది ఎంత ఉండాలో కణమే చూసుకుంటుంది. తడి తగ్గితే వదిలే ద్వారాన్ని తెరుస్తుంది, ఎక్కువైతే దాన్ని మూసి, లాక్కునే ద్వారానికి పని చెబుతుంది. పాతబడ్డ ద్వారాలను లోపలికి తీసుకుని కొత్తవాటిని పైకి పంపుతుంది. మీరు కింద వాల్వులు తిప్పుతూ నీళ్ళు సరిచూసుకున్నట్టే, కాకపోతే ఇక్కడ తిప్పే మనిషి లేడు.

మన పిల్లకు పుట్టుకతో వచ్చిన చిక్కు ఏమిటంటే, ఆ వదిలే ద్వారం కణంలో తయారవుతోంది గాని మడత కాస్త తప్పుగా పడుతోంది. కణం లోపల తనిఖీ ఒకటి ఉంటుంది. మడత సరిగా లేనిదాన్ని పైకి వెళ్ళనివ్వకుండా అక్కడే ముక్కలు చేసేస్తుంది. నిజానికి పైకి చేరితే అది ఎంతో కొంత పనిచేసేదేనట. చేరనే చేరదు కాబట్టి పైన తడి ఆరిపోయి కఫం బంకలా పట్టేస్తోంది. తనిఖీ మరీ నిక్కచ్చి, అదే తంటా అన్నారు డాక్టరు.

మన పిచ్చుక అది విని, “అయితే నా ఒంట్లో ప్రతి కణంలోనూ మా అమ్మ కూర్చుందన్నమాట” అంది. డాక్టరు నవ్వారు, నర్సు నవ్వింది. కాసేపటికి నేనూ నవ్వాను. పద్నాలుగేళ్ళకే ఆ నోరు ఎక్కడిదో మీకు తెలియదా.

కొత్త మందు ఆ మడతను సరిచేసి ద్వారాన్ని తనిఖీ దాటిస్తుంది. పైకి చేరాక అది తెరుచుకుని ఉండేట్టు చూస్తుంది. అయితే అందరికీ పనిచేయదు. పన్నెండు వారాలు చూస్తామనీ, గొట్టంలో ఊదించి చూసే ఊపిరి లెక్క పెరగకపోతే ఆపేస్తామనీ మొదటి రోజే చెప్పారు. ఆపేస్తే మిగిలేవి పాత మందులే. వాటితో ఏడాదికి రెండో మూడో తగ్గుతూ వందలో నలభై ఎనిమిదికి వచ్చామని మీకు తెలుసు.

ఆరో వారం పరీక్షలోనూ నలభై ఎనిమిదే. అప్పుడు మీకు ‘ఇంకా చూడాలన్నారు’ అని రాశాను. అబద్ధం కాదు గాని, అంతకంటే ఎక్కువే జరిగింది.

ఆ రోజు డాక్టరు నా పుస్తకం అడిగారు. నాకు లోలోపల సంతోషమే. దగ్గు ఎన్నిసార్లు, కఫం ఎంత, ఏ మందు ఎన్నింటికి, అన్నీ గడులు గీసి రాసినవే కదా. ఆయన నెమ్మదిగా పేజీలు తిప్పుతూ ఒకచోట వేలు ఆపి చదివారు: “ఉదయం ఆరున్నర, పరగడుపున. రోజూ ఇలాగేనా అమ్మా?”

“ఒక్కరోజు తప్పలేదండి. వేసుకున్నాక గంటన్నర దాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ఇవ్వను” అన్నాను.

ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. “ఈ మందు వెన్నో నూనో ఉన్న తిండితోనే ఒంటికి పడుతుందమ్మా. ఖాళీ కడుపున వేసుకుంటే చాలావరకు వృథాగా బయటికి పోతుంది.”

ఎలా జరిగిందో చెబుతాను. పాత పుస్తకం అయిపోయి కొత్తది మొదలుపెట్టినప్పుడు మందుల పట్టీ దించుకున్నాను. పొద్దున్నే వేసే పాత మందు పరగడుపున వేయాల్సింది. కొత్తదాన్నీ ఆ వరసలోనే చేర్చాను. డబ్బాలో వచ్చిన కాగితాన్ని, తేదీ వేసి, చిల్లులు పెట్టి, ఫైలులో భద్రం చేశాను. చదవలేదు.

గడువు పెంచడం తన చేతిలో లేదనీ, మిగిలింది ఆరు వారాలేననీ డాక్టరు అన్నారు.

మర్నాటి నుంచి వెన్నలో వేయించిన రెండు గుడ్లు, వెన్న తీయని పాలు, పళ్ళెం అంచున మాత్ర. మధ్యాహ్నానికే విపరీతంగా దగ్గు. ఏళ్ళుగా పూడుకుపోయిన గొట్టాన్ని ఎవరో కడిగినట్టు కఫం గిన్నెలు గిన్నెలు వచ్చింది. హడలిపోయి ఆస్పత్రికి ఫోను చేస్తే, అది మంచికేననీ, రానివ్వమనీ నర్సు ధైర్యం చెప్పింది. మూడోరోజు పొద్దున వంటింట్లో ఉన్నాను, ఏదో తేడాగా అనిపించింది. కుళాయి కట్టేసి విన్నాను. ఏమీ లేదు. చేతిలో గరిటెతో గదిలోకి పరుగెత్తాను. పిచ్చుక మంచం మీద కూర్చుని మేజోళ్ళు తొడుక్కుంటోంది.

“దగ్గలేదేం?” అన్నాను.

“రాలేదమ్మా.”

పక్కన కూర్చున్నాను. వస్తానన్న చుట్టం కోసం చూసినట్టు ఇద్దరం దగ్గు కోసం కాసేపు చూశాం. గుడ్లు మాడాయి.

పోయిన మంగళవారం పన్నెండో వారం పరీక్ష. ఊదించే ఆవిడ గొంతు మీకు గుర్తుందిగా, మీ ఇంజనుకు తీసిపోదు. “ఊదు, ఊదు, ఇంకా, ఇంకా” అని అరుస్తూ అంకె చూసి ఠక్కున ఆగిపోయింది. అరవై ఏడు. గొట్టం మూతి మార్చి మళ్ళీ ఊదించింది. అరవై తొమ్మిది. పక్కగది నుంచి ఇంకొకాయనను పిలిచి మిషను చూడమంది. ఆయన అటూ ఇటూ నొక్కి చూసి, “మిషను బాగానే ఉంది. పిల్లే మారింది” అన్నాడు. మూడోసారీ అరవై తొమ్మిదే.

ఇక ఆపే ప్రసక్తి లేదని డాక్టరు మందు ఏడాదికి రాసిచ్చారు. నేను ఏడవలేదు. పుస్తకం తెరిచి ఆ అంకె రాశాను. నమ్మకం చాలక పక్కన అక్షరాల్లోనూ రాశాను.

ఇప్పుడు మీ ఉత్తరంలో చివరి మాటకు జవాబు. ‘అన్నీ నువ్వు రాసి పెడుతున్నావు కదా, నాకు బెంగ లేదు’ అన్నారు. ఆ వాక్యం మీద నుంచి చూపు తిప్పుకోలేకపోయాను. ఎందుకంటే నేను దాచింది మందు తప్పుగా ఇవ్వడం ఒక్కటే కాదు. రెండో వారంలోనే పిచ్చుక నాతో అంది, “అమ్మా, మందిచ్చినావిడ తిండితో వేసుకోమన్నట్టు గుర్తు” అని. నేనేమన్నానో తెలుసా? “పన్నెండేళ్ళుగా నీ మందులు చూస్తున్నది నేనా, నువ్వా? మాట్లాడకుండా మింగు” అన్నాను. మింగింది. మరో నాలుగు వారాలు మింగింది.

ఆరో వారం పరీక్ష రోజున డాక్టరు ముందు ఆ మాట చెప్పి నా పరువు తీసి ఉండవచ్చు. చెప్పలేదు. నా సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నేనే అన్నాను, నువ్వు చెప్పావు, నేను వినలేదు అని. కిటికీలోంచి చూస్తూ, “ఇంకోసారి చెప్పాల్సింది. కానీ నువ్వు ఎప్పుడూ తప్పు రాయవు కదా, నేనే తప్పు విన్నానేమో అనుకున్నా” అంది. నన్ను తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. ఇది మీకు ఆరు వారాలుగా రాయలేకపోయాను. మందు పనిచేయకపోతే మీ ముఖం ఎలా చూడాలో తెలియలేదు. పనిచేసింది కాబట్టి రాసే ధైర్యం వచ్చింది. అదేమంత గొప్ప ధైర్యం కాదని నాకూ తెలుసు. మీకు కోపం వస్తే రానివ్వండి, దాచుకోకండి.

పన్నెండో వారం పరీక్ష అయిన సాయంత్రమే పుస్తకం పిచ్చుక చేతికిచ్చాను. గీతలు వంకర, అంకెలు గడులు దాటి పోతున్నాయి. నేను సరిచేయడం లేదు, కష్టంగానే ఉంది. చివర్న సొంతంగా ఒక గడి చేర్చింది: ‘నేను చెప్పింది అమ్మ విందా?’ ఇప్పటికి తొమ్మిది ‘అవును’లు, ఒక ‘లేదు’. ఆ ‘లేదు’ అన్యాయం. వానలో సైకిలు వద్దన్నాను, అంతే. నిన్న దాని మీద పోట్లాటకు దిగింది. వంటింటి నుంచి వీధి గుమ్మం దాకా, గుమ్మం నుంచి మళ్ళీ వంటింటి దాకా నా వెంటే తిరుగుతూ, ఎక్కడా ఊపిరికి ఆగకుండా, గొంతు తగ్గించకుండా పావుగంట వాదించింది. నా దగ్గర జవాబు ఉంది. అయినా అడ్డు రాకుండా చివరిదాకా విన్నాను.

ఇట్లు,
మీ అర్ధాంగి, పిచ్చుక తల్లి